జోసెఫ్ హెర్మన్: వార్సా చెప్పులు కుట్టేవాడి కొడుకు, వేల్స్ బొగ్గుబావి బొమ్మలు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. జోసెఫ్ హెర్మన్ పోలండ్ విడిచి వచ్చిన యూదు చిత్రకారుడు కదా, ఇంటిల్లిపాదీ వార్సా ఘెట్టోలో (నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేటలో) పోయారు కదా, మరి ఆ ఘోరాన్ని వదిలేసి ఎక్కడో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక ఊళ్లో చేరి బొగ్గు కార్మికుల్ని పదకొండేళ్లు ఎందుకు గీశాడు? ఇది మొదటిది. ఆ బొమ్మలన్నీ ఒకే మసక మట్టిరంగులో ఎందుకుంటాయి, అచ్చులో తేడానా, ఆయన కంటిలో తేడానా? ఇది రెండోది.

రెండోదానికి నవ్వు వచ్చింది గానీ, తీసిపారేసే ప్రశ్న కాదు. నిజానికి రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. కాస్త నిదానంగా చెప్తాను. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు డ్రాయింగ్, పెయింటింగ్ నేర్పినవాణ్ణి. మా నాన్న సింగరేణిలో బొగ్గు ఫిల్లర్, అంటే తవ్విన బొగ్గు ఎత్తి నింపే కార్మికుడు. తట్ట, చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టిన చేతుల మధ్య పెరిగాను కాబట్టి హెర్మన్ అంటే నాకు కొంత పక్షపాతం ఉంది. ఆ మేరకు నా మాటల్లో తరుగు తీసుకోండి.

మొదట మీ ప్రశ్నలోనే ఒక దిద్దుబాటు. తన వాళ్లను ఆయన గీయలేదన్నది నిజం కాదు. గీశాడు. ముందు వాళ్లనే గీశాడు. వేల్స్ రాకముందు గ్లాస్గోలో ఉన్న మూడేళ్లూ ఆయన చేతికి వేరే పనే లేదన్నంతగా వార్సా వీధుల్నీ అక్కడి మనుషుల్నీ జ్ఞాపకం మీద గీశాడు. ఆ బొమ్మలు చాలాకాలం జనానికి కనబడకపోవడం వల్ల ఈ అపోహ పుట్టింది.

అసలు కథ 1911 జనవరిలో మొదలవుతుంది. వార్సాలో ఒక బీద యూదు ఇల్లు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ముగ్గురు పిల్లల్లో జోసెఫ్ పెద్దవాడు. ఇంట్లో మాట్లాడుకునేది యిడ్డిష్. చిన్నప్పుడే అచ్చుపనిలో కంపోజిటర్‌గా అక్షరాలు పేర్చడం నేర్చాడు, తర్వాత ఏడాదిన్నర పాటు కళాశాలలో చదివాడు. 1932లో మొదటి ప్రదర్శన. ఎక్కడనుకున్నారు, ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలో! గ్యాలరీ దొరకని కుర్రవాళ్లకు ప్రపంచమంతా అదే దారి కాబోలు. 1930ల నడుమ కొందరు స్నేహితులతో కలిసి ‘ఫ్రిజియన్ టోపీ’ అనే వామపక్ష చిత్రకారుల బృందం పెట్టాడు. ఫ్రెంచి విప్లవకారులు పెట్టుకున్న ఎర్ర టోపీ పేరు అది. ఆ బృందం స్టూడియోలో కూర్చుని నగ్నచిత్రాలు వేసుకోకుండా కార్పేతియన్ కొండల్లోకి పోయి అక్కడి రైతుల్ని గీసింది.

ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. కష్టజీవిని గీయడం హెర్మన్‌కు వేల్స్‌లో అబ్బిన కొత్త అలవాటు కాదు. వెంట తెచ్చుకున్నదే.

1935లో పోలండ్ నాయకుడు పిల్సుడ్‌స్కీ చనిపోయాక పోలండ్‌లో యూదుల మీద ద్వేషం బాహాటమైంది. 1937 నాటికి విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థులకు విడిగా బెంచీలు వేసి అక్కడే కూర్చోమన్నారు. యూదుడూ, వామపక్షం వాడూ అయిన కుర్రవాడికి ఆ ఊళ్లో ఊపిరాడే పరిస్థితి లేదు. 1938లో, 27 ఏళ్ల వయసులో హెర్మన్ బ్రస్సెల్స్ వెళ్లే రైలెక్కాడు. సాగనంపడానికి వచ్చిన తల్లి మళ్లీ ఎన్నడూ తిరిగి రావద్దని అందట. ఏ తల్లి అయినా బిడ్డ ఊరికి పోతుంటే “పోయిరా” అంటుంది, “పో” అని ఒంటిమాట అనదు. మన ఇళ్లలో అది అపశకునం. ఈ తల్లి “రాకు” అంది. ఆ మాటే కొడుకు ప్రాణం కాపాడింది.

బ్రస్సెల్స్‌లో ఉన్నది రెండేళ్లే అయినా అక్కడ ఒక పెద్ద మేలు జరిగింది. కాన్‌స్టాంట్ పెర్మెక్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడి పని కంటబడింది. పెర్మెక్ జాలరులూ రైతులూ చూడాలి మీరు. కాన్వాసు చాలనంత బండ శరీరాలు, బురదలోంచి అప్పుడే లేచినట్టున్న రంగు. మీరడిగిన మట్టిరంగుకు మొదటి విత్తనం ఇక్కడ పడింది.

1940 మేలో జర్మన్లు బెల్జియం మీద పడ్డారు. హెర్మన్ ఫ్రాన్స్‌లోకి పారిపోయి, అక్కడి నుంచి ఓడెక్కి బ్రిటన్ చేరి, గ్లాస్గోలో తేలాడు. ఇంగ్లీషు రాదు, చేతిలో డబ్బు లేదు. కానీ ఊరు మంచిది. అక్కడ అప్పటికే స్థిరపడిన శిల్పి బెన్నో షాట్స్ ఎస్టోనియాలో పుట్టిన యూదుడు, ఆయన ఆదరించాడు. పోలిష్ సైన్యంతో పాటు వచ్చి, సైన్యం నుంచి విడుదలైన యాంకెల్ ఆడ్లర్ కూడా అక్కడికే చేరాడు. ఆడ్లర్ వయసులో పదహారేళ్లు పెద్ద. జర్మనీలో పేరున్న ఆధునిక చిత్రకారుడు పౌల్ క్లేను దగ్గరగా ఎరిగినవాడు. ఇద్దరు పోలిష్ యూదులు, యుద్ధకాలపు స్కాట్లండ్ చలిలో.

ఆ మూడేళ్లలో హెర్మన్ ఇంకు, నీటిరంగులతో తన బాల్యాన్ని కాగితం మీదికి ఎత్తాడు. పెళ్లిళ్లు, సంగీతకారులు, వార్సా ఇంటి కప్పులు, తల్లులు. యూదు పల్లె బతుకును కలల్లా గీసిన చిత్రకారుడు షగాల్ నీడ ఆ చిత్రాల్లో బాగా కనిపిస్తుంది. అది దాచాల్సిన సంగతేం కాదు. వాటిలో ‘శరణార్థులు’ అని ఒకటుంది, సుమారు 1941 నాటిది. రాత్రివేళ, ఒక కుటుంబం మూటలతో పోతూ ఉంటుంది. వెనక నీలపు చీకట్లో ఇళ్ల కప్పులు. వాటి నడుమ ఇంటంత పెద్ద పిల్లి, నోట ఎలుక. ఆ పిల్లిని చూసిన తర్వాత వివరణ అక్కర్లేదు. ఈ బొమ్మ చాలా ఏళ్లు ఎవరికీ తెలియకుండా ఉండి, 2014లో లండన్‌లోని బెన్ ఊరి మ్యూజియం చేతికి వచ్చింది. ఆ కాలం నాటి బొమ్మలు చాలావాటిని హెర్మన్ తనే నాశనం చేశాడు.

ఎందుకు చేశాడు? 1942లో రెడ్‌క్రాస్ ద్వారా కబురు వచ్చింది. వార్సాలో తన వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఆ ఏడాది జూలై 22 నుంచి సెప్టెంబరు దాకా, రెండు నెలల్లో, దాదాపు 2,65,000 మందిని వార్సా ఘెట్టో నుంచి రైళ్లలో ట్రెబ్లింకా చావుశిబిరానికి తోలారు. ఇటు అదే 1942లో ఆయనకు కట్రీనా మక్‌లౌడ్‌తో పెళ్లయింది. పెళ్లీ, చావుకబురూ ఒకే ఏడాది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. బొమ్మలు గీసేవాడికి జ్ఞాపకం నిలవ ధాన్యం లాంటిది. ఊళ్లో మనవాళ్లు బతికి ఉన్నంతకాలం ఆ గాదెలోకి కొత్త గింజ వస్తూ ఉంటుంది. ఒక ఉత్తరం వస్తుంది, ఒక కబురు వస్తుంది, అమ్మ ముఖం మనసులో కొంచెం ముసలిదవుతుంది. వాళ్లు లేరని తెలిసిన రోజున గాదెకు తాళం పడుతుంది. ఇక గీసే ప్రతి బొమ్మా పాత బొమ్మకు నకలే అవుతుంది. మరో అపాయం ఉంది. చనిపోయినవాళ్లను గుర్తుమీద గీస్తూ పోతే వాళ్లకు క్రమంగా లేని తీపి అంటుకుంటుంది. పెళ్లి ఫిడేలు, దీపాలు, గడ్డం తాతయ్య... కాలెండర్ బొమ్మలవుతారు. హెర్మన్‌కు ఇది అర్థమైందని నేను నమ్ముతాను. తన వాళ్లను ప్రేమించాడు కాబట్టే ఆ బొమ్మల్ని ఆపేశాడు.

1943లో లండన్ చేరాడు. అక్కడ లెఫెవ్ర్ గ్యాలరీలో ఎల్.ఎస్. లౌరీతో కలిపి ఆయన బొమ్మలు పెట్టారు. లౌరీ అంటే తెలుసుగా, మాంచెస్టర్ వైపు మిల్లు కార్మికుల్ని అగ్గిపుల్లల్లా సన్నగా గీసినవాడు. ఒకే గదిలో ఆ అగ్గిపుల్లలూ, ఈ బండరాళ్లూ. కార్మికుల్ని గీయడంలో ఎంత తేడా ఉండగలదో చెప్పడానికి నేను పిల్లలకు ఎప్పుడూ ఈ ఇద్దరినే పక్కపక్కన చూపించేవాణ్ణి.

1944 వేసవిలో రెండు వారాల సెలవుకని అస్త్రడ్‌గన్‌లైస్ వెళ్లాడు. (ఇంగ్లీషు స్పెల్లింగు చూసి భయపడకండి, వెల్ష్ వాళ్లు దాదాపు ఇలాగే పలుకుతారు.) దక్షిణ వేల్స్ తీరంలోని స్వాన్సీ నగరానికి ఎగువన, తావె నది లోయలో ఉంది. ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు తవ్వే ప్రాంతం. వీధిలో వెల్ష్ భాషే వినిపించే ఊరు.

ఆ మొదటిరోజు చూసినదాన్ని ఆయన తర్వాత రాసుకున్నాడు. బాగా ఎండ కాసిన రోజు. సాయంత్రం రాగిరంగు ఆకాశం. వంతెన మీదికి కొందరు బొగ్గు కార్మికులు పని దిగి వస్తున్నారు. ఒక్క క్షణం వాళ్ల తలలు సరిగ్గా సూర్యబింబానికి అడ్డం వచ్చాయి. చర్చిలో సాధువుల తలల వెనక ఉండే బంగారు వలయాల్లా తోచాయట. వెలుగు వెనక, మనుషులు నల్లగా ముందు. ఆ క్షణమే తన పని తేల్చిందని ఆయనే చెప్పుకున్నాడు. రెండు వారాల సెలవు పదకొండేళ్లయింది.

ఇలాంటి ‘దర్శనం’ కథలంటే నాకు మామూలుగా అనుమానం. చిత్రకారులు తమ గురించి చెప్పుకునేటప్పుడు మెరుపులు ఎక్కువ మెరిపిస్తారు. కానీ దీన్ని నమ్ముతాను. ఎందుకంటే తర్వాతి పదకొండేళ్ల బొమ్మలన్నీ ఆ ఒక్క క్షణానికి భాష్యంలా ఉంటాయి. నల్లటి ఆకారం, దాని వెనక రాజుకునే రాగి వెలుగు. మీరు మట్టిరంగు అన్నది అదే. దీని సంగతి కింద చెప్తాను.

ఊరివాళ్లు ఆయన్ను ఎలా కలుపుకున్నారో చూడండి. నువ్విక్కడ పరాయివాడివి కావని మొదటిరోజే అన్నారట. రెండోరోజుకే ‘జో’ అయ్యాడు. ఆ తర్వాత ‘జో బాఖ్’. వెల్ష్‌లో ‘బాఖ్’ అంటే చిన్న అని అర్థం, కానీ ముద్దుగా అంటారు. మన చిన్నోడు, బుజ్జి లాంటిది. ముప్పై మూడేళ్లవాణ్ణి, మాట రాని విదేశీయుణ్ణి, ఊరంతా చిన్నోడా అని పిలిచింది. తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరూ పోయి, తనను ఇంట్లోవాళ్లలా ముద్దుగా పిలిచే గొంతు భూమ్మీద ఒక్కటీ మిగలని మనిషికి ఆ పిలుపు ఏం చేసి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

మొదట ఊళ్లో సత్రం లాంటి చోట దిగాడు. తర్వాత పాతబడిన సోడా, నిమ్మరసం సీసాల కర్మాగారం ఒకటి తీసుకుని ఇల్లూ స్టూడియోగా మార్చుకున్నాడు. కార్మికుల వెంట బావిలోకి దిగి స్కెచ్‌లు వేసుకునేవాడు. కానీ ఎక్కువసేపు గడిపింది పైనే. వీధి మలుపుల్లో, గోడల దగ్గర, పని దిగి కూర్చున్న వాళ్ల మధ్య. పక్క ఊరు నీత్‌లో ఉండే విల్ రాబర్ట్స్ అనే వెల్ష్ చిత్రకారుడు ఆయన బొమ్మలు చూసి వెతుక్కుంటూ వచ్చి, జీవితకాలపు స్నేహితుడయ్యాడు.

ఇక రంగు. హెర్మన్ బొమ్మ ఫోన్ తెరమీద చూస్తే కాలిన రొట్టెలా కనిపిస్తుంది, మీ తప్పేం లేదు. అసలు బొమ్మ ముందు నిలబడితే వేరు. ఆయన చీకటిని ఒక్క పూతగా వేసేయడు. కింద వెచ్చని రంగు ఉంటుంది. ఇటుక ఎరుపు, ఓకర్ పసుపు, రాగి నారింజ. దాని మీద పారదర్శకంగా పలచని ముదురు పూతలు ఒకదాని మీద ఒకటి ఆరనిచ్చి వేస్తాడు. దీన్ని మేం గ్లేజింగ్ అంటాం. మన ఇళ్లలో లాంతరు చిమ్నీకి మసి పట్టినప్పుడు లోపలి మంట ఎలా కనిపించేది? అలా. వెలుగు బొమ్మ మీద పడదు, బొమ్మ లోపలి నుంచి వస్తుంది. ఫొటో తీసేటప్పుడు పై పూత మాత్రమే దొరుకుతుంది, లోపలి నిప్పు పోతుంది. కాబట్టి ఆయన కంటిలో దోషం లేదు, కెమెరా చేతకానితనం.

నమ్మకపోతే మీరే చేసి చూడండి. చిన్న కాన్వాసు బోర్డు మీద బర్న్‌ట్ సియెనా (ఎర్ర గోధుమ రంగు), ఓకర్ కలిపి మొత్తం పూయండి. పూర్తిగా ఆరాక అంబర్‌లో (ముదురు గోధుమ రంగులో) లిన్‌సీడ్ నూనె కలిపి తేనెలా పలచన చేసి సగం భాగానికి పూయండి. ఆరాక మళ్లీ, మరికొంత భాగానికి. నాలుగు పూతలు అయ్యేసరికి మీరు ఎక్కడ పూయకుండా వదిలేశారో ఆ చోటు దీపంలా వెలుగుతుంది. హెర్మన్ ఆ వదిలిన చోట్లను ఎక్కువగా మనిషి చుట్టూ పెడతాడు, ముఖంలో పెట్టడు. అందుకే ఆయన మనుషులకు ముఖాలు దాదాపు ఉండవు. కళ్లు రెండు గుంటలు, ముక్కు ఒక గీత. మనిషి ఎవరో మనకు భుజాలు చెప్తాయి.

ముఖం లేకపోవడం గురించి ఒక పాఠకురాలు ఎక్కడో, ఆయన కార్మికుల్ని వ్యక్తులుగా చూడలేదని విమర్శించింది. నేను ఒప్పుకోను. బొగ్గు మసి పట్టిన ముఖాన్ని సాయంత్రం వెలుతురుకు ఎదురుగా చూడండి, కనబడేది అంతే. షిఫ్టు దిగి వచ్చే మా నాన్నను దూరం నుంచి నేను ఏనాడూ ముఖం చూసి పోల్చలేదు. నడక చూసి పోల్చాను.

ఆయన పేరు బ్రిటన్ అంతటా వినిపించింది 1951లో. యుద్ధం అయ్యాక దేశానికి కొంచెం ధైర్యం చెప్పడానికి లండన్‌లో థేమ్స్ దక్షిణ గట్టున పెద్ద ఉత్సవం చేశారు, ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్. అందులో గనులు, ఖనిజాల మండపానికి గోడచిత్రం ఒకటి హెర్మన్‌కు అప్పగించారు. నాలుగేళ్ల కిందటే, 1947 జనవరి 1న, బ్రిటన్ బొగ్గు గనులు జాతీయమయ్యాయి. ప్రభుత్వ ఉత్సవం, ప్రభుత్వ గనులు. అలాంటి చోట ఎవరైనా ఏం గీస్తారు? పార ఎత్తిన చెయ్యి, ముందుకు సాగే అడుగు, ఉదయించే సూర్యుడు. హెర్మన్ ఆరు పలకల మీద గీసింది, పని ముగించి భూమి పైకి వచ్చి ఊరికే కూర్చుని ఉన్న కార్మికుల్ని. ఎవరూ ఏమీ చేయడం లేదు. ‘గని కార్మికులు’ అని పేరు.

ఆ చిత్రం ఇప్పుడు స్వాన్సీలో గ్లిన్ వివియన్ గ్యాలరీ వాళ్ల దగ్గర ఉంది. మా అమ్మాయి కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు వెళ్లి చూశాను. ఆరు మీటర్ల పొడవుంటుంది. ముందు నిలబడితే మనం వాళ్ల ఎదురుగా గొంతుక్కూర్చోవాలనిపిస్తుంది. దాని ప్రింటు ఒకటి తెచ్చి మా నాన్నకు చూపించాను. ఆయనకు కళ గురించి పట్టింపు లేదు, హెర్మన్ ఎవరో తెలియదు. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇది బాయిల దిగేముందు కూసున్న కూసుడు కాదు, ఎక్కినంక కూసున్నది” అన్నాడు. ఎలా తెలిసిందంటే, “చేతులు చూడు, దేన్నీ పట్టుకోవాలని లేదు వాటికి” అన్నాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నాకు ఆ చేతుల సంగతి తట్టలేదు.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఈ చిత్రంలోనే ఉంది. వీరుల్ని గీయమని ఊరించే సందర్భంలో ఆయన అలసటను గీశాడు. పని లోపలి బరువు ఒళ్లంతా దిగిన తర్వాత, ఇంటికి పోయేముందు, నలుగురు కలిసి కాసేపు మాట లేకుండా కూర్చునే ఆ పొద్దు. ఇది వార్సాలో చెప్పులు కుట్టే తండ్రి ఇంట్లో పుట్టినవాడికి తెలియని పొద్దు కాదు. హెర్మన్ ఒకచోట గని కార్మికుణ్ణి శ్రమకు నడిచే స్మారకచిహ్నం లాంటివాడన్నాడు. స్మారకం అన్న మాట పట్టుకోండి. ఎవరి స్మారకం? సమాధి కూడా లేని తన వాళ్లను ఆయన మళ్లీ జ్ఞాపకం మీద గీయలేదు. బతికున్న, ఎదురుగా ఉన్న, తనను చిన్నోడా అని పిలిచే మనుషుల భుజాల్లో ఆ బరువును పెట్టాడు. విషాదం బొమ్మ విషయంలో లేదు, బొమ్మ బరువులో ఉంది. అందుకే ఆ మనుషులు కొండల్లా ఉంటారు, ఎవరూ వాళ్లను అక్కడినుంచి లేపి రైలెక్కించలేనట్టు. చివరి వాక్యం నాది, ఆయనెక్కడా అలా చెప్పలేదు.

సోవియట్ పోస్టర్ల కార్మికుడితో దీన్ని కలిపేవాళ్లున్నారు. మన దగ్గర కూడా ఎర్ర గోడపత్రికల మీద పిడికిలి బిగించిన కార్మికుణ్ణి చూసి పెరిగాం కాబట్టి ఆ పోలిక వెంటనే తడుతుంది. హెర్మన్ రాజకీయంగా వామపక్షమే, దాచుకోలేదు. కానీ ఆయన బొమ్మలో పిడికిలి ఒక్కటి వెతికి చూపించండి. దొరకదు.

ప్రవాసంలో పడిన మిగతా పోలిష్ చిత్రకారులు ఏం చేశారో పక్కన పెట్టి చూస్తే హెర్మన్ దారి ఇంకా తేటగా తెలుస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ స్టెఫాన్ నోర్బ్లిన్. వార్సాలో పేరున్న పోస్టర్ చిత్రకారుడు. 1939లో సినిమా నటి అయిన భార్యతో పారిపోయి, ఇరాక్ మీదుగా మన దేశం చేరాడు. జోధ్‌పూర్ ఉమైద్ భవన్‌లో రామాయణ ఘట్టాలూ దుర్గాదేవీ ఆర్ట్ డెకో అనే, 1920-30ల నాటి అలంకార పద్ధతిలో గీసింది ఆయనే. చూస్తే అద్భుతంగా ఉంటాయి, కానీ అవి రాజుగారి కోరిక మేరకు గీసినవి, నోర్బ్లిన్ సొంత గుండె వాటిలో ఎక్కడుందో నాకు ఇప్పటికీ కనబడలేదు. యుద్ధమయ్యాక అమెరికా వెళ్లాడు, అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు, 1952లో సాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రాణం తీసుకున్నాడు. రెండోవాడు యూసెఫ్ చాప్‌స్కీ. సోవియట్ శిబిరంలో బందీగా ఉండి, తోటి పోలిష్ సైనికాధికారులు వేలమంది కాటిన్ అడవిలోనూ ఇతర చోట్లా సోవియట్ల చేతుల్లో హతమైతే తను బతికి బయటపడ్డాడు. పారిస్ శివార్లలో 96 ఏళ్ల దాకా బతికాడు. చూసిన ఘోరమంతా పుస్తకాల్లో రాసి, కాన్వాసు మీద మాత్రం కాఫీ హోటలు బల్లలూ రైల్లో ఒంటరి ప్రయాణికులూ గీశాడు. ఆడ్లర్ సంగతి సరే, 1949లోనే ఇంగ్లండ్‌లో గుండె ఆగి పోయాడు. నోర్బ్లిన్‌కు ఒక ఆస్థానం దొరికింది, చాప్‌స్కీకి ఒక పత్రికా తోటి పోలిష్ ప్రవాసులూ దొరికారు. హెర్మన్‌కు దొరికింది ఒక ఊరు. చిత్రకారుడికి ఈ మూడింట్లో ఏది మేలో నేను తీర్పు చెప్పను గానీ, నా ఓటు మీకు తెలిసిపోయే ఉంటుంది.

1955లో ఆయన ఆ ఊరు విడిచాడు. ఆ లోయ తేమ ఒంటికి పడలేదు. తర్వాతి జీవితం క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది నన్ను అంతగా కదిలించదు. మొదటి పెళ్లి విడిపోయింది, 1961లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, కొన్నేళ్లు సఫోక్ పల్లెలో, 1972 నుంచి లండన్‌లో. ఒక చిన్న కూతురు చనిపోయింది. జాలరుల్నీ, స్పెయిన్‌లో, ఫ్రాన్స్‌లో ద్రాక్షతోట కూలీల్నీ, మెక్సికో రైతుల్నీ, ఆఖరికి స్నూకర్ ఆడేవాళ్లనీ గీశాడు. ఆఫ్రికా శిల్పాలు, చేతిలో పట్టేంత చిన్నవి, మక్కువతో పోగేశాడు. ఆ శిల్పాల బండతనం ఆయన మనుషుల్లో ఎలాగూ ఉంది. 1962లో వేల్స్ వాళ్ల జాతీయ సాంస్కృతిక ఉత్సవం ఐస్తెద్వద్‌లో బంగారు పతకం ఇచ్చారు. 1981లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ బిరుదు, 1990లో రాయల్ అకాడమీ సభ్యత్వం. 2000 ఫిబ్రవరిలో, 89 ఏళ్ల వయసులో లండన్‌లో పోయాడు.

ఇక్కడ నా పక్షపాతాన్ని పక్కకు పెట్టి ఒక మాట. 1955 తర్వాతి బొమ్మల్లో చాలావాటిలో ఆయన తన్ను తానే అనుకరించాడు. అదే బండ భుజం, అదే రాగి ఆకాశం, మనిషి మాత్రం ఏ ఊరివాడో తెలియదు. ద్రాక్ష కోసేవాడి ఒంట్లో బొగ్గు తవ్వేవాడి బరువు పెడితే ద్రాక్షకే అవమానం. ఒక ఊరితో పదకొండేళ్లు ఉండి గీసినవాడు, రెండు నెలల ప్రయాణంలో గీసేసరికి పద్ధతి మిగిలింది, మనిషి జారిపోయాడు. ఇది ఆయన అభిమానులకు నచ్చదు, నాతో చాలామంది వాదించారు. మధ్యలో అక్కడక్కడ చిన్న ఇంకు స్కెచ్‌లు మాత్రం అన్ని కాలాల్లోనూ బాగుంటాయి. ఇంకు, వాష్ (నీళ్లతో పలచన చేసిన రంగు పూత) కలిపి వేల సంఖ్యలో గీశాడు. పెద్ద ఆయిల్ చిత్రాల కన్నా నేర్చుకునేవాడికి అవే ఉపయోగం. ఎక్కడ కుంచె ఆగిందో, ఎక్కడ నీళ్లు ఎక్కువయ్యాయో అంతా తెలిసిపోతుంది.

ఊరు ఆయన్ను మర్చిపోలేదు. గనులు మూతపడ్డాయి. దక్షిణ వేల్స్‌లో 1920లో 2,71,000 మంది బొగ్గు పనిలో ఉండేవాళ్లు, చివరి లోతుగని టవర్ 2008లో మూసేశారు. కానీ అస్త్రడ్‌గన్‌లైస్‌లో 2004లో హెర్మన్ పేరిట ఒక ఫౌండేషన్ పెట్టారు. కార్మికుల సంక్షేమ భవనమే దానికి కేంద్రం. బడిపిల్లలకు ఆయన బొమ్మల మీద పోటీలు పెడతారు. మీరు ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే స్వాన్సీ గ్యాలరీ వాళ్లకు ముందుగా ఫోన్ చేసి, పెద్ద చిత్రం గోడ మీద ఉందో గిడ్డంగిలో ఉందో కనుక్కుని బయల్దేరండి, అంత పెద్ద చిత్రాన్ని ఏడాది పొడుగునా వేలాడదీయరు. వెళ్లాక మొదటి అయిదు నిమిషాలు ఏమీ కనబడదు. చీకటి గదిలోకి వెళ్లినట్టే, కన్ను అలవాటు పడాలి. బెంచీ ఉంటే కూర్చోండి. ముందుగా కుడివైపు చివరి మనిషి వెనక ఉన్న ఎరుపు పైకి తేలుతుంది. అక్కడి నుంచి ఎడమకు చూస్తూ రండి.